వంటశాల నుంచి వేదిక దాకా

2012 నవంబరు. జెనీవా శివార్లలోని సెర్న్ పరిశోధన కేంద్రం. హిగ్స్ బోసాన్‌ను పోలిన కణం జాడ దొరికిందని అక్కడి శాస్త్రవేత్తలు లోకానికి చాటింది ఆ ఏడాది జులైలోనే. ఆ సంబరం ఇంకా సద్దుమణగని ఆవరణలోకి పన్నెండు మంది ఆడవాళ్ళు నడిచి వచ్చారు. నున్నగా గీయించిన తలలు, ఎండకూ చలికీ కందిన బుగ్గలు. హిమాలయాల నుంచి వచ్చిన బౌద్ధ సన్యాసినులు వాళ్ళు.

వరసగా నిలబడ్డారు. ఒక కేక వినపడింది. అరచేతులన్నీ ఒక్కసారే గాలిని నరికాయి. కాళ్ళు భుజాల ఎత్తు దాటి లేచాయి. పిడికిళ్ళు దూసుకొచ్చి, కనపడని శత్రువు ఛాతీకి బెత్తెడు దూరంలో ఆగాయి. చూస్తున్నవాళ్ళలో కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. కొందరు ఏమనుకోవాలో తెలియక నిలబడిపోయారు. ఈ సన్యాసినుల శక్తికీ విశ్వంలోని శక్తికీ పోలిక ఉందని వాళ్ళ గురువు, పన్నెండవ గ్యాల్వాంగ్ ద్రుక్పా, అక్కడివాళ్ళకు వివరించారు.

నన్ను కదిలించింది ఆ పోలిక కన్నా ఆ పిడికిళ్ళు. తరతరాలుగా పిండి పిసికి, గిన్నెలు తోమి, ఎవరి ఎదుటా పైకి లేవని చేతులవి. అవి ఆ వేదిక దాకా ఎలా వచ్చాయన్నదే ఈ గాథ.

* * *

ఇది ఒక్కరి కథగా చెప్పదగ్గది కాదు. లదాఖ్, లాహుల్, కిన్నౌర్, భూటాన్, నేపాల్ కొండపల్లెల నుంచి వచ్చిన వందలాది ఆడపిల్లలది. వాళ్ళందరినీ కలిపి ఒక అమ్మాయిని ఊహించుకుని చెబుతున్నాను. ఆ అమ్మాయీ, ఆమె ఇంటివాళ్ళ మాటలూ నా కల్పన. ఆమె చుట్టూ ఉన్న లోకం మాత్రం నిజం.

లదాఖ్‌లో ఒక పల్లె అనుకుందాం. ఏడాదిలో సగం రోజులు మంచు. అది కరిగిన కొద్ది నెలల్లోనే బార్లీ విత్తాలి, కోయాలి, నూర్చాలి, శీతకాలానికి పిడకలు దాచుకోవాలి. ఇంట్లో పెద్దకొడుకుకి పొలం, ఇంకొక కొడుకుకి గోంపా, అంటే బౌద్ధ మఠం. ఆడపిల్లకు పెళ్ళయ్యేదాకా ఈ ఇంటి చాకిరీ, అయ్యాక ఆ ఇంటి చాకిరీ.

ఏటా వేసవిలో హెమిస్ గోంపాలో తిరునాళ్ళు. బౌద్ధ గురువు పద్మసంభవుడి జయంతి. పెద్ద పెద్ద బూరలు మోగుతుంటే భిక్షువులు పట్టుబట్టలు కట్టి, రంగురంగుల మాస్కులు తొడుక్కుని ముంగిట్లో గిరగిరా తిరుగుతూ చామ్ నాట్యం చేస్తారు. మన అమ్మాయి అమ్మ పక్కన కూర్చుని కళ్ళు ఆర్పకుండా చూస్తుంది. ఆ ముంగిట్లో ఆడుతున్న వాళ్ళంతా మగవాళ్ళే. చూస్తున్న వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. ఆ ముంగిలి తనది కాదని ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోతుంది.

పన్నెండో ఏట ఒక రాత్రి పొయ్యి దగ్గర నోరు విప్పింది.

“ఆబా, నేను చోమోనవుతాను.” చోమో అంటే సన్యాసిని.

తండ్రి ఉప్పు టీ గిన్నె కింద పెట్టాడు. “ఎందుకు? మీ మేనత్త కాలేదా? గుండు చేయించుకుంది, ఎర్రబట్టలు కట్టుకుంది. ఏమైంది? ఈ ఇంట్లోనే ఉండి పేడెత్తింది, మన పొలంలో కోతలు కోసింది. గోంపా వాళ్ళ పొలంలోనూ కోసింది. పెళ్ళీ లేదు, చదువూ లేదు.”

“అన్నని పంపించారుగా?”

“వాడు మగపిల్లాడమ్మా.”

మేనత్త ఆ మూలనే కూర్చుని ఉన్ని వడుకుతోంది. తల ఎత్తలేదు.

లదాఖ్, జంస్కార్ ప్రాంతాల్లో చాలాకాలం నడిచిన వ్యవహారం ఇది. సన్యాసం తీసుకున్న ఆడపిల్లల్లో చాలామంది పుట్టింట్లోనే ఉండి పనిచేసేవాళ్ళు. ఊళ్ళో ఎవరైనా పోతే, పంట చేతికొస్తే, కొత్తిల్లు కడితే పూజకు భిక్షువుల్ని పిలిచేవాళ్ళు. దక్షిణ వాళ్ళకే ముట్టేది. సన్యాసినుల ఆరామాలు ఉన్నచోట కూడా పూజ నడిపించేవాడు మగవాడే. వంట, చీపురు, నీళ్ళబిందె ఆడవాళ్ళవి. శాస్త్రం చదవాలంటే గురువు ఉండాలి, గురువును పోషించాలంటే డబ్బుండాలి, డబ్బు రావాలంటే పూజలకు పిలుపు రావాలి. ఆ పిలుపే రాదు. ఇలా ఒకదానికొకటి ముడిపడిన వల అది.

* * *

ఈ వల ఈనాటిది కాదు. బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి కథ మనకు తెలియంది కాదు. సంఘంలో చేర్చుకోమని అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. ఆమె తల గొరిగించుకుంది, కాషాయం కట్టుకుంది, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా కాలినడకన వెళ్ళింది. వాచిన పాదాలతో, దుమ్ము కొట్టుకుపోయిన ఒంటితో వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే ఆనందుడు చూశాడు. లోపలికి వెళ్ళి ఆమె తరఫున వాదించాడు. స్త్రీ కూడా అర్హత్త్వం పొందగలదా అని అడిగి, పొందగలదని బుద్ధుడి నోటే అనిపించాడు. దీక్ష దొరికింది. దాంతోపాటు ఎనిమిది నియమాలూ తగులుకున్నాయని వినయపిటకం చెబుతుంది. దీక్ష తీసుకుని నూరేళ్ళయిన భిక్షుణి అయినా సరే, ఆ రోజే దీక్ష తీసుకున్న కుర్ర భిక్షువుకు లేచి నమస్కరించాలన్నది వాటిలో మొదటిది.

అయినా ఆడవాళ్ళు ఆగలేదు. మన అమరావతి స్తూపం రాళ్ళ మీద దాతల పేర్లు చెక్కిన శాసనాల్లో భిక్షుణుల పేర్లు ఉన్నాయి. కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ కిందటే వాళ్ళు పలకకు, స్తంభానికి దానమిచ్చి పేరు చెక్కించుకున్నారు. అయిదో శతాబ్దంలో సింహళ భిక్షుణులు ఓడలో చైనా చేరి అక్కడి స్త్రీలకు పూర్తి దీక్ష ఇచ్చారు. చైనా, కొరియా, వియత్నాం దేశాల్లో ఆ పరంపర ఇప్పటికీ నిలిచే ఉంది. టిబెట్‌కు మాత్రం అది చేరలేదు. ఆ మంచుకొండల మీద స్త్రీ ఎంత గొప్ప సాధకురాలైనా శ్రామణేరి దీక్ష, అంటే తొలి మెట్టు దీక్ష, దగ్గరే ఆగిపోవాల్సి వచ్చేది. సంఘం గుమ్మం దాటి లోపలికి వచ్చినా, కూర్చోమని ఎవరూ పీట వేయని పరిస్థితి.

* * *

సెర్న్‌కు వచ్చిన ఆ సన్యాసినులది టిబెట్ బౌద్ధంలోని ద్రుక్పా శాఖ. దానికి ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. స్థాపకుడు సాంగ్పా గ్యారే 1206లో ఒక చోట నేలలోంచి తొమ్మిది డ్రాగన్లు గర్జిస్తూ ఆకాశంలోకి లేవడం చూశాడని ఐతిహ్యం. దాంతో శాఖకు డ్రాగన్ (ద్రుక్) పేరు వచ్చింది. ఇప్పటి పీఠాధిపతి గ్యాల్వాంగ్ ద్రుక్పా 1963లో హిమాచల్‌లోని రేవల్సర్‌లో పుట్టారు. ఆడపిల్లలు వంటశాలల్లో మగ్గిపోవడం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. కాఠ్మండూ లోయ అంచున ఒక కొండ మీద, ద్రుక్ అమితాభ పర్వతం అనే చోట, సన్యాసినుల కోసం ఆరామం కట్టించారు. అక్కడ పూజ నడిపించేదీ వాళ్ళే, వాద్యాలు వాయించేదీ వాళ్ళే. కరెంటు పని, నీళ్ళ గొట్టాల పని, కంప్యూటరు, ఇంగ్లీషు, బండి నడపడం అన్నీ నేర్పించారు.

2008లో ఆయన వియత్నాం వెళ్ళారు. అక్కడి ఆరామాల్లో భిక్షుణులు యుద్ధవిద్య సాధన చేయడం కళ్ళారా చూశారు. ఆ భిక్షుణులది పూర్తి దీక్ష పొందిన పరంపర. తలెత్తి నడిచే తీరు, నిలబడే తీరు వేరు. ఇది మనవాళ్ళకీ కావాలనుకున్నారు. కొద్ది కాలంలోనే వియత్నాం నుంచి శిక్షకులు కాఠ్మండూ కొండెక్కారు.

మన అమ్మాయి అప్పటికి అక్కడికి చేరింది. తండ్రి ఎలా ఒప్పుకున్నాడంటారా? మేనత్త ఒప్పించింది. ఉన్ని కదురు పక్కన పెట్టి, “నేను పోలేకపోయాను, దీన్నైనా పోనివ్వు” అంది. ఆ ఇంట్లో ఆమె నోరెత్తి మాట్లాడింది అదే మొదలు.

మొదటి రోజు అన్నిటికన్నా కష్టమైంది బట్టలు మార్చుకోవడం. మడమల దాకా కప్పే ఎర్ర వస్త్రం తీసి మడతపెట్టి, వదులు పంట్లాము, నడుముకు బిగించే అంగీ వేసుకోవాలి. ఒంటి ఆకారం తెలుస్తుందన్న సిగ్గుతో అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. తర్వాత నిలబడటం. గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి కదలకుండా ఉండాలి. నిమిషం గడిచేసరికి తొడలు వణికాయి. ఇంకాసేపటికి ఒక్కొక్కరే కూలబడ్డారు.

అన్నిటికీ మించి కేక. దెబ్బ వేసేటప్పుడు పొత్తికడుపులోంచి ఊపిరి తన్నుకొచ్చి గొంతులో పేలాలి. ఆ అమ్మాయికి పుట్టిన దగ్గర నుంచీ నేర్పింది మెల్లగా మాట్లాడమని. శిక్షకుడు అరవమంటే నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అరవమన్నాడు, కీచుమంది. పక్కవాళ్ళు ఫక్కుమన్నారు. ఎన్నో తెల్లవారుజాముల తర్వాత ఒకనాడు ఆ కేక వచ్చింది. ఎదురుగా ఉన్న కొండ దాన్ని తిరిగి వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

తెల్లారి మూడింటికే లేవడం. ధ్యానం, పారాయణం, చదువు, ఆరామం పనులు, మధ్యలో రోజుకు రెండు గంటల దాకా కుంగ్‌ఫూ. ముందు వట్టి చేతులతో, తర్వాత కర్రతో, కత్తితో, గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలతో. మన పల్లెల్లో కర్రసాము చూసినవాళ్ళకు ఆ సాధన ఎంత మొండిదో విడమరిచి చెప్పక్కర్లేదు, కర్ర చేతికి అలవాటయ్యేలోపు వేళ్ళు వాయడం అక్కడా ఇక్కడా ఒకటే. తొమ్మిదేళ్ళ పిల్ల నుంచి యాభై దాటిన పెద్దావిడ దాకా ఒకే వరసలో నిలబడేవాళ్ళు. నెలలు గడిచేకొద్దీ ధ్యానంలో మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, కునికిపాట్లు పోయాయి, గంటల తరబడి కదలకుండా కూర్చోగలిగారు. కుంగ్‌ఫూ వాళ్ళను ధ్యానానికి దూరం చేస్తుందని భయపడ్డవాళ్ళు కూడా ఈ మార్పు చూసి సర్దుకున్నారు.

* * *

సాధన వరకైతే అంత గొడవ లేదు. వేదిక ఎక్కడంతో వచ్చింది అసలు సంగతి.

సన్యాసులు కుంగ్‌ఫూ ప్రదర్శించడం లోకానికి కొత్తేమీ కాదు. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని షావోలిన్ ఆలయం క్రీస్తుశకం 495లో పుట్టింది. మన దక్షిణాది నుంచి వెళ్ళిన బోధిధర్ముడే ఆ విద్యకు మూలమని ఐతిహ్యం. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆ ఆలయం దాదాపు మూగబోయింది. 1982లో జెట్ లీ నటించిన ‘షావోలిన్ టెంపుల్’ సినిమాతో మళ్ళీ జనం కిక్కిరిశారు. ఆ తర్వాత షావోలిన్ బృందాలు దేశదేశాల రంగస్థలాలెక్కాయి. 2008 మే నెలలో లండన్ శాడ్లర్స్ వెల్స్ రంగశాలలో నృత్యదర్శకుడు సిది లార్బీ షెర్కావీ కూర్చిన ‘సూత్ర’ ప్రదర్శనలో షావోలిన్ భిక్షువులు, శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ రూపొందించిన చెక్కపెట్టెల మధ్య దూకుతూ, వాటిలో దాగుతూ, వాటిని పడవలుగా గోడలుగా మారుస్తూ ప్రేక్షకుల్ని కట్టిపడేశారు. ఆ భిక్షువులంతా మగవాళ్ళు. సన్యాసులకు వేదికతో ఏం పని అన్న ప్రశ్న వాళ్ళకూ ఎదురైంది గానీ, మగవాళ్ళయి ఉండి ఎందుకెక్కారని ఎవరూ అడగలేదు.

సన్యాసులకు వేదికతో ఏం పని అన్న మాట విన్నప్పుడల్లా నాకు నాగార్జునకొండ గుర్తొస్తుంది. ఇక్ష్వాకుల నాటి ఆ బౌద్ధ నగరంలో మెట్లుమెట్లుగా ఆసనాలు కట్టిన రంగశాల ఒకటి తవ్వకాల్లో బయటపడింది. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా దాన్ని అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. చైత్యాలూ విహారాలూ ఉన్న ఊరికి రంగశాల ఎందుకని ఆ రాళ్ళను ఎవరు అడుగుతారు? ఆరామమూ రంగమూ ఒకే లోయలో బతికిన నేల మనది.

కాఠ్మండూ సన్యాసినులకు వచ్చిన విమర్శ వేరు. ఆడవాళ్ళు పదిమంది ముందు కాళ్ళెత్తి తన్నడమేమిటి? కత్తులు తిప్పడమేమిటి? వినయం ఏమైంది? పాతకాలపు పెద్దల్లో చాలామంది మొహం చిట్లించారు. కుంగ్‌ఫూ అంతా వట్టి తమాషా అని, గురువు ప్రచారానికి ఆడపిల్లల్ని ఆడిస్తున్నారని అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ మాట నేను ఒప్పుకోను. ఈ ఆడపిల్లలకు శతాబ్దాలుగా దొరకనిది సరిగ్గా ఆ వేదికే. హెమిస్ ముంగిట్లో బూరలు మోగినప్పుడు వాళ్ళు జనంలో ఉన్నారు. పూజ జరిగినప్పుడు వంటింట్లో ఉన్నారు. శాస్త్ర చర్చ జరిగినప్పుడు గోడ అవతల ఉన్నారు. ఎవరి కంటా పడకపోవడమే వాళ్ళ సుగుణమని లోకం మెచ్చుకుంది. అలాంటివాళ్ళు వెలుగులో నిలబడి, వేలమంది కళ్ళ ఎదుట, వణకని మోకాళ్ళతో, దాచుకోని గొంతుతో కదలడం తమాషా ఎలా అవుతుంది? వాళ్ళ విషయంలో ప్రదర్శనే సాధన.

అయితే ఆ సాధన నికరమైనదేనా అన్న ప్రశ్నకు జవాబు ఏ వేదిక మీదా దొరకలేదు. 2015 ఏప్రిల్ 25న దొరికింది.

* * *

శనివారం. నేపాల్‌లో వారాంతపు సెలవు. పొద్దున 11 గంటల 56 నిమిషాలకు గోర్ఖా జిల్లాలో భూమి కదిలింది. తీవ్రత 7.8. కాఠ్మండూ నడిబొడ్డున ధరహరా బురుజు కూలిపోయింది. దర్బారు కూడళ్ళలో శతాబ్దాల నాటి గుళ్ళు ఇటుకల గుట్టలయ్యాయి. దాదాపు 9,000 మంది చనిపోయారు. బళ్ళకు సెలవు కాబట్టి ఎంతమంది పిల్లలు బతికిపోయారో.

అమితాభ పర్వతం మీద అమ్మాయిలు ఆరుబయటికి పరుగెత్తారు. కొండ ఊగుతోంది, చూస్తుండగానే లోయంతా ధూళి లేచింది. కాసేపటికి మళ్ళీ కంపించింది. ఆ రాత్రంతా కంపిస్తూనే ఉంది.

వాళ్ళను సురక్షితమైన చోటికి తరలిస్తామని కబురు వచ్చింది. వెళ్ళమన్నారు.

“కింద ఊళ్ళలో ముసలివాళ్ళున్నారు. వాళ్ళను ఎవరు తరలిస్తారు?” ఆ కొండ మీద ఇలాంటి మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. ఎవరన్నా, ఎలా అన్నా, జరిగింది మాత్రం రూఢి. వెళ్ళలేదు. నడుం బిగించి కొండ దిగారు.

చుట్టుపక్కల పల్లెలకు కాలినడకన వెళ్ళారు. రాళ్ళు, దూలాలు ఎత్తి పక్కకు వేశారు. మూసుకుపోయిన దారులు తెరిచారు. బియ్యం మూటలు భుజాన మోశారు. గుడారాలు పాతారు. గుర్రపు భంగిమలో వణికి వణికి గట్టిపడ్డ తొడలు ఆ ఏటవాలు దారుల్లో బరువు కింద తడబడలేదు. రాయి ఎత్తేటప్పుడు నడుము విరగకుండా ఊపిరి ఎక్కడ బిగబట్టాలో ఒంటికి తెలుసు. ఒకరి అడుగుతో ఒకరు అడుగు కలిపి, ఒక్క కేకతో ఒక్కటిగా కదలడం వాళ్ళకు ఎప్పుడో అలవాటైంది. సెర్న్‌లో నవ్వుకున్నవాళ్ళు ఆ రోజు ఆ పల్లెల్లో ఉండుంటే బాగుండేదనిపిస్తుంది. మే 12న 7.3 తీవ్రతతో ఇంకోసారి భూమి విరుచుకుపడింది. అప్పుడూ వాళ్ళు కదల్లేదు.

ఆ సహాయం పనుల్లో ఉన్నప్పుడే భూకంపం కన్నా దారుణమైన సంగతి చెవిన పడింది. ఇల్లు కూలి, గింజలు పోయి, పిల్లలను సాకలేని పేద కుటుంబాలు ఆడపిల్లల్ని వదులుకుంటున్నాయి. దళారులు పల్లెల్లో తిరుగుతున్నారు. పని ఇప్పిస్తామంటారు, సరిహద్దు దాటిస్తారు. ఆ తర్వాత ఆ పిల్ల జాడ ఉండదు.

ఈ దుఃఖాన్ని పిడికిలితో కొట్టలేరు. మరి ఏం చేయాలి?

* * *

2016. కాఠ్మండూ నుంచి లదాఖ్‌లోని లేహ్ దాకా 4,000 కిలోమీటర్లు. 500 మంది సన్యాసినులు సైకిళ్ళెక్కారు. నల్ల పంట్లాములు, ఎర్ర జాకెట్లు, తెల్ల హెల్మెట్లు. వాళ్ళతోపాటు గురువు కూడా తొక్కారు. ఇలాంటి సైకిల్ యాత్ర వాళ్ళకు అది నాలుగోది. అంతకు ముందు 2009లో మనాలీ నుంచి హెమిస్ దాకా దాదాపు 700 మందితో సాగిన పాదయాత్రలో దారి పొడవునా ప్లాస్టిక్ ఏరుకుంటూ నడిచినవాళ్ళు కాబట్టి రోడ్డు కొత్త కాదు. ఈసారి మోసుకెళ్ళిన మాట కొత్తది. ఆడపిల్లను అమ్మకండి. ఆమె మగపిల్లాడికి ఏ విధంగానూ తక్కువ కాదు.

ఉత్తరాది మైదానాల ఎండలో, వర్షంలో, లారీల పొగలో తొక్కారు. ఊరు రాగానే ఆగేవాళ్ళు. జనం మూగేవాళ్ళు. గుండ్లు, హెల్మెట్లు, పిక్కల బలం చూసి మగపిల్లలనుకునేవాళ్ళు. ఆడవాళ్ళని తెలిసి నిర్ఘాంతపోయేవాళ్ళు. ఆ నిర్ఘాంతపోయిన క్షణంలోనే మాట చెవికెక్కుతుంది. వేదిక అనేది బల్లలు పరిచి దీపాలు పెట్టిన చోటే ఉండాలన్న నియమం లేదు. బిహార్‌లోనో ఉత్తరప్రదేశ్‌లోనో ఒక టీ కొట్టు ముందు సైకిల్ దిగి నిలబడ్డ 500 మంది ఆడవాళ్ళను మించిన ప్రదర్శన ఏముంటుంది? మహాప్రజాపతి శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని నడిచింది కూడా ఈ మట్టి మీదే. ఆమె తన కోసం, తనతో వచ్చినవాళ్ళ కోసం అడగడానికి వెళ్ళింది. వీళ్ళు ముక్కూ మొహం తెలియని ఆడపిల్లల కోసం బయల్దేరారు.

చివరికి హిమాలయ కనుమలు. ప్రాణవాయువు పలచబడి, తొక్కిన ప్రతి తొక్కుకూ గుండె గొంతులోకి వచ్చే ఎత్తులు. దిగి నెట్టుకుంటూ వెళ్ళినవాళ్ళున్నారు, మళ్ళీ ఎక్కినవాళ్ళున్నారు. లేహ్ చేరారు.

మన అమ్మాయి కూడా ఆ గుంపులో ఉందనుకుంటే, లదాఖ్ ఆమె సొంతగడ్డ. ఒకప్పుడు అమ్మ పక్కన కూర్చుని మగవాళ్ళ నాట్యం చూసిన హెమిస్ దగ్గరే, ద్రుక్పా శాఖ జరిపే నరోపా ఉత్సవాల్లో, ఈ సన్యాసినులు వేలమంది ఎదుట కుంగ్‌ఫూ ప్రదర్శించారు. జనంలో ఆడపిల్లలు కళ్ళార్పకుండా చూశారు. 2017 ఆగస్టులో ఆ చూసే పిల్లలనే పిలిచారు. హెమిస్‌లోనే శిబిరం పెట్టి దాదాపు వంద మంది లదాఖీ అమ్మాయిలకు ఆత్మరక్షణ విద్య నేర్పారు. ఎవరైనా వెనక నుంచి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, చెయ్యి మెలితిప్పితే ఏం చేయాలి, బస్సులో, వీధిలో ఎలా మెలకువగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, అరవడం ఎలాగో నేర్పారు. తమకు అన్నిటికన్నా కష్టంగా వచ్చింది అదేనని వాళ్ళకు తెలుసు.

* * *

తర్వాత గౌరవాలు వచ్చాయి. 2019లో న్యూయార్క్‌లో ఏషియా సొసైటీ ‘గేమ్ చేంజర్’ అవార్డు ఇచ్చింది. 2020 సంవత్సరపు వాత్స్లావ్ హావెల్ మానవ హక్కుల బహుమతికి తుది జాబితాలో మిగిలిన మూడు పేర్లలో వీళ్ళదొకటి. కోవిడ్‌తో ఆరామం తలుపులు సందర్శకులకు మూసుకున్నాయి. ఏళ్ళ తరబడి ప్రదర్శనలు లేవు, సాధన మాత్రం ఆగలేదు.

చివరికి అమితాభ పర్వతం తలుపులు మళ్ళీ తెరిచారు. వందలాది జనం కొండెక్కి వచ్చారు. కత్తులు మెరిశాయి, కాళ్ళు గాలిని చీల్చాయి, కేకలు లోయలో మారుమోగాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళలో చాలామంది ఇరవైల్లో ఉన్నవాళ్ళు. 2008లో తొలిసారి పంట్లాము వేసుకోవడానికి సిగ్గుపడిన తరం వీళ్ళకు అక్కలు, గురువులు.

ఈ మధ్యలోనే, చప్పట్లూ కెమెరాలూ అంతగా లేని ఒక పెద్ద సంఘటన భూటాన్‌లో జరిగింది. 2022 జూన్‌లో అక్కడి ద్రుక్పా సంఘ పెద్ద జే ఖెన్పో ఆధ్వర్యంలో 144 మంది స్త్రీలకు పూర్తి భిక్షుణి దీక్ష ఇచ్చారు. టిబెట్ సంప్రదాయంలో స్త్రీలకు ఎప్పుడూ చేరదనుకున్న దీక్ష అది. డ్రాగన్ శాఖకే చెందిన ఒక దేశం ఆ గోడ బద్దలుకొట్టింది.

నేపాల్‌లో, లదాఖ్‌లో అది ఇంకా ఆనవాయితీ కాలేదు. భూకంపంలో బండలెత్తిన చేతులకు, 4,000 కిలోమీటర్లు తొక్కిన కాళ్ళకు ఆ దీక్ష అందకపోవడానికి ఇప్పుడు మిగిలిన కారణం ఏమిటో చెప్పాల్సింది సంఘంలోని పెద్ద భిక్షువులు.